రేగిపండు తిన్న క్లాసు

నేను ఒక క్యారమ్ బోర్డుని, ఆదివారం పొద్దున తప్ప. ఆ పూట మాత్రం గోడకి మొహం పెట్టి నల్లబల్లనవుతాను.

పుట్టింది గుంటూరులో ఒక వడ్రంగి కొట్లో. మొదట కుర్రాళ్ళ క్లబ్బులో ఉండేదాన్ని. వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాక నాతో పని లేకపోయింది. తెనాలిలో బంగారప్పని చేసే బెంగాలీవాళ్ళు నన్ను కొనుక్కున్నారు. వాళ్ళలో ఒకాయన భార్య శిబానీ, నా వీపుకి నల్లరంగు పూసి, తమ పిల్లలకి బెంగాలీ నేర్పడం మొదలెట్టింది. నన్నెవరూ అడగలేదనుకోండి. తెలుగు అక్షరాలు గుండ్రంగా చతికిలబడితే, వీళ్ళవి దండెం మీద ఆరేసిన బట్టల్లా గీతకి వేలాడతాయి.

క్లాసు జరిగే గది నిమాయి అనే పనిశాల యజమానిది. "పిల్లలు వచ్చినన్నాళ్ళే క్లాసు. తర్వాత పాలిషింగ్ మిషన్ పెడతా" అన్నాడు. ఏడుగురు వచ్చేవారు. శిబానీ బెంగాలీలో అడిగితే తెలుగులో జవాబు చెప్పేవారు.

భోగినాడు పక్కింటి అనసూయమ్మ వీధి పిల్లలందరికీ భోగిపళ్ళు పోసింది. "నెత్తిన పోసినవి తినకండర్రా, దిష్టి! ఇవిగో, బుట్టలోవి తినండి" అని దోసిళ్ళతో పెట్టింది. అందరూ తిన్నారు.

ఆదివారం ఆ సంగతి తెలిసి శిబానీ తల పట్టుకుంది. సరస్వతీపూజ కాకముందు బెంగాలీ పిల్లలు రేగిపండు ముట్టరు. పూజ ఇంకా మూడు వారాలుంది. "అమ్మవారికి కోపం వస్తుంది. పరీక్ష తప్పుతారు!" అంది.

ఎనిమిదేళ్ళ టుంపా పలక సంచిలో పెట్టేసుకుంది. "ఎలాగూ ఫెయిలే కదా మాషీ, ఇంక చదవడం దేనికి?"

మాషీ అంటే పిన్ని. మరుసటి ఆదివారం ఒక్కరూ రాలేదు. నిమాయి గుమ్మంలోంచి తొంగిచూసి, "వచ్చేవారం మిషన్‌కి కొలతలు తీసుకుంటా" అన్నాడు.

ఆ సాయంత్రమే శిబానీ అనసూయమ్మ ఇంటికెళ్ళి గుప్పెడు రేగిపళ్ళు అడిగి తెచ్చింది. పిల్లలాడుకునే వీధి మధ్యలో నిలబడి ఒకటి నోట్లో వేసుకుంది. ముప్ఫయ్యేళ్ళలో పూజకి ముందు ఆవిడ తిన్న మొదటి రేగిపండు. మొహం చూస్తే పులుపా, భయమా తెలియలేదట. అనసూయమ్మే తర్వాత వచ్చి పనిశాలలో అందరికీ చెబుతుంటే విన్నాను.

"నేనూ ఫెయిల్," అంది శిబానీ, తనకొచ్చిన తెలుగులో. "ఆదివారం పదింటికి రండి. అందరం కలిసి ఫెయిల్ అవుదాం."

అన్నట్టే ఆదివారం నిమాయి టేపు పట్టుకుని వచ్చాడు. లోపల పదకొండుమంది, అందులో నలుగురు కొత్తవాళ్ళు. టుంపా గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"కాకా, ఇది ఫెయిలైనవాళ్ళ క్లాసు. పండు తింటేనే లోపలికి!"

ఆ మాట బెంగాలీలో అంది. ఎవరూ అడక్కుండానే.

శిబానీ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నిమాయి ఒకసారి ఆవిడ వంక, ఒకసారి పిల్ల వంక చూసి, టేపు జేబులో వేసుకుని, చెయ్యి చాపాడు.