అరవై రెండో పేజీ

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి విశ్వవిద్యాలయం పేటెంట్ విభాగంలోని లాయరు, ఒక ప్రయోగశాల నోటుపుస్తకంలో తన చేతిరాతను గుర్తుపట్టింది.

ఫ్రీజరులో పెట్టకపోయినా పాడవని ఒక ఎంజైము మీద పేటెంటు దరఖాస్తు శుక్రవారం వెళ్లాలి. దాన్ని కనిపెట్టింది ఎవరెవరో తేల్చడానికి ఆమె ఆ ప్రయోగశాల పాత పుస్తకాలు తిరగేస్తోంది. పద్నాలుగో పుస్తకం అరవై రెండో పేజీలో రెండు వాక్యాలున్నాయి: “చల్లగదిలో మరిచిపోయిన గొట్టంలోని ఎంజైము కూడా పనిచేసింది. మళ్లీ చూడాలి.” తేదీ తొమ్మిదేళ్ల కిందటిది. ఆ నెలాఖరుకు ఆ ప్రయోగశాలలో ఆమె ఫెలోషిప్ అయిపోయింది. లా కాలేజీలో చేరింది. మళ్లీ చూడలేదు.

ప్రతి పేజీ అడుగున సాక్షి గడి ఉంటుంది. పక్కబల్ల వాళ్లెవరైనా పేజీ చదివి, సంతకం చేసి, చదివిన రోజు తేదీ వెయ్యాలి. అరవై రెండో పేజీలో ఆ గడి ఖాళీ.

లాయరయ్యాక ఆమె నలభై ఒక్క దరఖాస్తులు పంపింది. ఆవిష్కర్తల పేర్లు తనే టైపు చేసేది. తన పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఆమె ఆఫీసు రెండు వీధుల అవతల ఉన్నా, మధ్యాహ్నం అన్నం డబ్బా మాత్రం ప్రయోగశాల మెట్ల దగ్గరే విప్పేది.

ఆ మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని మెట్లెక్కి ప్రయోగశాలకు వెళ్లింది. ఇప్పుడు దాన్ని నడిపే ప్రొఫెసరు ఒకప్పుడు ఆమె పక్కబల్ల సీనియరు. ఇప్పటికీ అక్కే.

“రావే ప్లీడరమ్మా! ఈసారి ఎవరి మీద కేసు?”

“నా మీదే. ఇది చూడక్కా.”

ప్రొఫెసరు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి చదివింది. “నీ మతిమరుపు మండ! ముందు నువ్వు చూశావా? ఇన్నాళ్లూ నేనే కనిపెట్టాననుకుని ఊరేగుతున్నానే.”

“నువ్వెలా మొదలెట్టావు?”

“నాలుగేళ్ల కిందట ఫ్రీజరు చెడిపోయింది కదా. అన్నీ చల్లగదిలోకి మార్చాం. పారేసేముందు ఒకసారి పరీక్షిద్దామని చూస్తే, ఈ ఎంజైము బతికే ఉంది.”

“అప్పటికి ఈ పేజీ చదివావా?”

“లేదు. ఒట్టు.” ప్రొఫెసరు పెన్ను తీసింది. “అయినా చదివాననుకో. అప్పటి తేదీతో సంతకం పెట్టేస్తా. పక్కబల్లే కదా, చూసే ఉంటాను. నీ పేరు కూడా దరఖాస్తులోకి ఎక్కుతుంది.”

పెన్ను గడి మీదకి వచ్చింది.

“వద్దక్కా. ఇవాళ్టి తేదీ వెయ్యి.”

“ఇవాళ్టి తేదీ వేస్తే నీకేం ఒరుగుతుందే?”

“ఇవాళైనా చదివావని ఉంటుంది.”

ప్రొఫెసరు సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసింది.

తన పేరు చేరే వీలున్న ఫైలును లాయరు తనే చూడకూడదు. ఆమె దాన్ని విభాగంలో అందరికంటే పెద్ద లాయరుకు అప్పగించింది. ఆయన్ను ఆఫీసంతా బాబాయ్ అంటుంది. గురువారం ఆయన ఆమెను పిలిచాడు.

“అమ్మాయ్, మళ్లీ చూడాలని రాశావు, చూడలేదు. చూసినావిడ నీ పేజీ చదవలేదు. ఇంకెవరిదైనా అయితే నువ్వేం రాసేదానివి?”

“పేరు చేర్చకూడదనే.”

“నేనూ అదే రాశాను. తిట్టుకోకమ్మా.”

“తిట్టుకుంటా బాబాయ్. సాయంత్రం దాకా.”

“సరే, సాయంత్రం దాకా పర్మిషన్.”

శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి దరఖాస్తు వెళ్లింది. ఆవిష్కర్తల గడిలో ఒక్కటే పేరు, ప్రొఫెసరుది.

ప్రయోగశాల చల్లగదిలో నాలుగు డిగ్రీల చలి ఉంటుంది. పది నిమిషాలకు మించి ఎవరూ నిలబడరు. తలుపు పక్కన వేలాడే రిజిస్టరులో ఆ రోజు చివరి సంతకం లాయరుది. లోపలికి ఐదింటికి, బయటికి ఐదూ నలభైకి. వచ్చిన పని రాయాల్సిన గడిలో ఏమీ లేదు.