చూడకుండా రాసిన స్లైడ్లు

మా అక్కకి ఎక్కించబోయే వైరస్‌ను ఎలుకల్లో పరీక్షించింది నేనే. మా ల్యాబ్‌లో దాన్లోని జబ్బు చేసే భాగాలు తీసేసి, అక్క కాలేయానికి కావలసిన జన్యువును అందులో పెట్టారు. ఆ వైరస్ ఒళ్ళంతా తిరిగి ఏ కణంలోనైనా దూరగలదు. కానీ దాని జన్యువును నిద్ర లేపేది ఆ కణం సొంత ప్రొటీన్లే. కాలేయ కణాల ప్రొటీన్లకు మాత్రమే లొంగే మీటను మేం అమర్చాం. మిగతా చోట్ల నోరు మూసుకుని పడుంటుందని మా ధీమా.

ఆ ధీమా వల్లే ల్యాబ్‌లో ఒక పాడు అలవాటు మొదలైంది. జన్యువు పనిచేసిన చోట పచ్చగా వెలిగేలా చేశాం కదా, కాలేయం స్లైడ్లను గంటలకొద్దీ చూసేవాళ్ళం. వెన్నుపక్క నరాల స్లైడ్లను మాత్రం పెట్టెలోంచి తీయకుండానే 'వెలుగు లేదు' అని రాసేసేవాళ్ళం. లేనిదాని కోసం కళ్ళు పాడుచేసుకోవడం ఎందుకని పకపకా నవ్విన మహాతల్లిని నేనే.

మంగళవారం పెట్టె సర్దుతూ, ఊసుపోక ఒక స్లైడు పెట్టి చూశాను. పచ్చగా ఉంది. లెన్సు తుడిచి మళ్ళీ చూశాను. ఇరవైలో పదకొండు స్లైడ్లు వెలిగాయి. వెలిగిన చోటల్లా నరాల కణాలు చచ్చిపోయి ఉన్నాయి. కాలేయ ప్రొటీన్‌కు దాయాది లాంటిదొకటి నరాల్లోనూ ఉంది. అదే మీట నొక్కేసింది.

అక్కకి శుక్రవారం ఎక్కించాలి. ఇది ఎక్కించకపోతే ఆమె కాలేయం ఆరు నెలలు నిలవడం కష్టమని డాక్టర్లు ముందే చెప్పారు.

బుధవారం ఆసుపత్రికి వెళ్ళాను.

"ఏంటే, ముఖం అలా వేలాడేసుకొచ్చావు? మీ బావ నయం. జైల్లో ఉన్నవాడిలా క్యాలెండర్ మీద గీతలు గీసుకుంటున్నాడు" అంది అక్క.

చెప్పేశాను. ఆ నరాలు పోతే కాళ్ళు పడిపోవచ్చని కూడా. అక్క నవ్వు ఆగిపోయింది.

"మరి రెండేళ్ళుగా ఏం చూశావే?"

"చూడలేదక్కా."

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. ఎక్కించెయ్యనీ. కాళ్ళు పడిపోతే కూర్చునే ఉంటాను. నా కూతురికి తల్లంటూ మిగులుతుంది కదా."

"నీ తర్వాత ఇదే వైరస్ ఎక్కించుకోబోయేవాళ్ళు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారక్కా."

"వాళ్ళు నీకేమవుతారే?"

ఏమీ కారు. ఆ క్షణాన వాళ్ళందరి మీదా నాకు కోపం వచ్చింది. అక్క పట్టు విడిపించుకుని, అక్కడే నిలబడి మా ల్యాబ్ పెద్ద సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, నరాల స్లైడ్లు నేను చూడకుండానే రాశాను. ఇప్పుడు చూశాను. వెలుగుతున్నాయి."

"ఎన్ని?"

"సగం పైనే. శుక్రవారం ఆపించండి."

"శుక్రవారం ఎవరికి?" అన్నారాయన.

"మా అక్కకి."

ఫోన్ పెట్టేసి చూసేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుంది. అక్కా అని పిలిచాను. ఇంకోసారి పిలిచాను.