ఆఫీసరు తల

ఫ్రాన్సులోని లియోన్ నుంచి భర్త ఉద్యోగం వెంట కువైట్ వచ్చిన ఒడీల్, ఆయన పోయాక కూడా అక్కడ సముద్రపు ఒడ్డునున్న బ్నీద్ అల్ గార్‌లో ఇల్లు వదల్లేదు. మొదట్లో సముద్రం బొమ్మలు గీసేది. తర్వాత ముసలి నావికుల తలలు మట్టితో చేయడంలో పడింది. రాయచోటి నుంచి వచ్చిన ఆసియా బీ ఆమెకు వంట చేసేది. ఆసియా బీ మొగుడు షావలి కారు నడిపేవాడు.

ఇరాక్ సైన్యం దిగిన 1990 ఆగస్టులో తెల్లవాళ్లను పట్టుకుని బాగ్దాద్ తీసుకుపోతున్నారని తెలిసింది. మొగుడూ పెళ్లామూ ఆమెను వంటింటి వెనక సామాన్ల గదిలో దాచారు.

"మట్టి ముట్టుకోవద్దు మామా," అని ఆసియా బీ బతిమాలింది. అక్కడి పనిమనుషులందరిలా ఆమె కూడా యజమానురాలిని మామా అనే పిలిచేది.

కొన్నాళ్లు ఊరుకుంది. తర్వాత చేతులు ఊరుకోలేదు.

ఒక పొద్దున సైనికులు వచ్చారు. హాల్లో సగం చేసిన తల ఉంది. ఆఫీసరు దాని చెంప మీద వేలు పెట్టి చూశాడు.

"మీ మేడం ఊరెళ్లిందన్నావు. మట్టి తడిగా ఉందే. ఎవరు చేశారు?"

"నేనే సార్," అన్నాడు షావలి.

తుపాకీ మడమ అతని దవడ మీద పడింది. ఆ చప్పుడు సామాన్ల గదిలోకి వినిపించింది. తను బయటికొస్తే అతన్ని వదిలేస్తారని ఒడీల్‌కు తెలుసు. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఎంత కొట్టినా షావలి మాట మార్చలేదు. చివరికి ఆఫీసరు తన ఫోటో బల్ల మీద పడేశాడు.

"అయితే నా తల చెయ్. శుక్రవారం జుమా నాడు వస్తా."

ఒడీల్ భయంతోనే మొదలుపెట్టింది. పని సాగేకొద్దీ భయం పోయింది. కళ్ల కింద నీడ కుదిరింది. పెదవి మెత్తబడింది. పక్కగదిలో షావలి గంజి మింగలేక మూలుగుతున్నాడు. ఆమె కూనిరాగం తీస్తోంది.

నీళ్లు తెచ్చిన ఆసియా బీ గుమ్మంలో ఆగింది.

"పాడుతుండావా మామా?"

ఒడీల్ ఠక్కున ఆగిపోయింది. ఆసియా బీ బొమ్మను తేరిపార చూసింది.

"వాడింత మంచోడా?"

ఒడీల్ అప్పుడు చూసింది, తను చేసిన ముఖాన్ని. ఎవరికైనా అన్నం పెట్టేలా ఉంది. దాన్ని ఎత్తి పగలగొట్టబోయింది. షావలి గోడ పట్టుకుని వచ్చి అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు పగలగొట్టి ఏం లాభం మేడం? మళ్లీ దెబ్బలు నాకే."

ఆఫీసరు వచ్చి తలను అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. షావలి భుజం తట్టి, దాన్ని దుప్పట్లో చుట్టి జీపులో పెట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరూ రాలేదు.

అక్టోబరు ఆఖర్లో ఫ్రెంచివాళ్లను వదిలేశారు, దాక్కున్నవాళ్లు కూడా వెళ్లిపోవచ్చన్నారు. బయల్దేరేముందు ఒడీల్ షావలి ఎదుట నిలబడింది. అతని దవడ పక్కకి ఒరిగి అతుక్కుంది.

"నీ తల చేసి ఇస్తాను. ఎప్పుడో చేయాల్సింది."

"వద్దు మేడం." అతని గొంతులో కోపం లేదు. "వాని తల చేసిన చేతులే గదా."

ఆమె తలొంచుకుని కారెక్కింది. కొన్ని వారాలకు ఆసియా బీ, షావలి కూడా జోర్డాన్ మీదుగా రాయచోటి చేరారు. లియోన్‌లో ఒడీల్ రంగులు వాడింది గానీ మనిషి తల మళ్లీ చేయలేదు. ఎందుకని అడిగితే కీళ్లనొప్పులని చెప్పేది, అడిగినవాళ్ల ముఖం చూడకుండా.