చాపని కాళ్ళు

చేజర్ల పక్క పల్లెలో శీనమ్మ పాతికేళ్ళుగా నాట్లు వేస్తోంది. నాలుగేళ్ళ కింద ఆమె కుడికాలి బొటనవేలి గోరు పచ్చబడింది. తర్వాత మందమెక్కి, పైకి లేచి, అంచున పిండిలా రాలసాగింది. పక్క వేళ్ళకూ పాకింది. చెప్పు ఒరుసుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది.

నొప్పికన్నా చూపులు ఎక్కువ బాధించాయి. ఒకనాడు గట్టు మీద అన్నం తింటుంటే, తోటి కూలి పిచ్చమ్మ ఆ వేళ్ళు చూసి, "ఇది పెద్దరోగం... కుష్టు కాదు గదా?" అంటూ గిన్నె తీసుకుని దూరంగా జరిగింది. అప్పటినుంచి శీనమ్మ కుచ్చిళ్ళు నేల రాసేలా కట్టింది. చెప్పులు విడవాల్సిన ఇళ్ళకు పోవడం మానేసింది. మొగుడు కామయ్య ఆత్మకూరు పోయి చూపించుకుందామంటే, "గోటికి డాక్టరేంది, నవ్విపోతారు" అనేది. పిచ్చమ్మ మాటే డాక్టరూ అంటే ఎట్లా అన్నది ఆమె లోపలి భయం.

ఉదయగిరిలో చెల్లెలు రాఘవమ్మ తన కూతురు నవ్యశ్రీకి సీమంతం చేసింది. పిల్లలు లేని శీనమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. అందుకే వెళ్ళింది. రాఘవమ్మ ముత్తైదువలందరికీ పసుపు రాస్తూ వచ్చి అక్క ముందు వంగింది. శీనమ్మ కాళ్ళు లోపలికి లాక్కుంది.

"కాళ్ళు చాపుక్కా."

"నాకొద్దులే."

"పసుపు వద్దంటావేంది? నా బిడ్డ కడుపు పండితే నీకు కడుపుమంటగా ఉండాదా?"

అందరూ వింటున్నారు. కారణం చెప్పాలంటే కాళ్ళు చూపాలి. శీనమ్మ లేచి, అన్నమైనా తినకుండా బస్సెక్కింది.

బిడ్డ పుడితే కబురు రాలేదు. బారసాలకూ పిలుపు లేదు. ఆ దిగులుతోనే చివరికి కామయ్య వెంట ఆత్మకూరు పోయింది. డాక్టరమ్మ గోటి ముక్కను పరీక్ష చేయించి, "ఫంగసమ్మా, పెద్దరోగం కాదు. మూడు నెలలు మాత్రలు మింగాలి. గోరు పూర్తిగా రావాలంటే ఏడాది పైనే. ఇన్నేళ్ళు ఎందుకు రాలేదు?" అంది.

గోరు సగందాకా బాగుపడ్డాక ఉదయగిరి పోయింది. గడపలోనే కుచ్చిళ్ళు ఎత్తి చూపింది.

"దీనికే రాఘవా, ఆ పొద్దు..."

రాఘవమ్మ వంగి ఆ వేళ్ళు చూసింది. "నాకొక మాట చెప్పినుంటే ఏం పోయుండేదక్కా? ఎంతమాటన్నాను నిన్ను!" అంటూ ఏడ్చింది.

నవ్యశ్రీ పాపను తెచ్చి ఒళ్ళో పెట్టింది. పది నెలల పిల్ల. శీనమ్మ ముఖం చూసి బెదిరిపోయి, కేరుమని ఏడుస్తూ తల్లికి చేతులు చాచింది.

"కొత్త గదా పెద్దమ్మా, నాల్రోజులుంటే అలవాటైపోద్ది."

శీనమ్మ పాపను తిరిగి ఇచ్చేసి, కొంగు నోట్లో కుక్కుకుంది.