టౌను హాల్లో ఫ్యాన్లు ఆగిన వైనం

టౌను హాలు ఎలక్ట్రీషియన్‌కు సభలంటే పడదు. ఎవరు మాట్లాడినా చివరికి మైకు బాగాలేదని తన మీదే విరుచుకుపడతారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం గుబులు ఇంకో రకం. ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురూ పర్యావరణం గురించి జనం ముందు చర్చించబోతున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు టైర్ల కొట్టు నడిపే సొంత బావ. అక్క ముందు వరుసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొదట ఇప్పటి కౌన్సిలర్ లేచాడు. "మాటలు కాదు, చేతలు కావాలి," అంటూ పైకి చూశాడు. "ఒక్క హాలుకి ఎనిమిది ఫ్యాన్లు. ఏవయ్యా, ఆపేయ్."

ఎలక్ట్రీషియన్ ఆపాడు. జనం చప్పట్లు కొట్టి, వెంటనే కరపత్రాలతో విసురుకోవడం మొదలుపెట్టారు.

చప్పట్లన్నీ ఆయనకే పోవడం పోటీలో ఉన్న డాక్టరమ్మకు మింగుడుపడలేదు. "పట్టపగలు లైట్లెందుకండీ? అవీ తీసేయండి," అంది. హాలుకున్నవి రెండే కిటికీలు. రెండింటికీ కౌన్సిలర్ బ్యానర్లే అడ్డం. స్టేజీ మీద ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైంది.

బావ ఇంకేం మిగిలిందా అని అటూ ఇటూ వెతికాడు. "బామ్మర్దీ, ఈ మైకు కూడా తీసేయరా."

"వెనక వాళ్లకి వినపడదు బావా."

"నా గొంతు వినపడదా?"

పాతికేళ్లుగా గాలి కొట్టే కంప్రెసర్‌తో పోటీపడ్డ గొంతు అది. చివరి వరుసలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. కౌన్సిలర్ గొంతు మాత్రం మైకు లేకపోతే దోమ పాట.

"ఇవాళ్టి నుంచి కారెక్కను, ఇంటికి నడిచే వెళ్తా," అన్నాడాయన. ముందు వాళ్లు వెనక వాళ్లకి చెప్పారు. చివరి వరుసకి చేరేసరికి కౌన్సిలర్ కారు ఎవరికో ఇచ్చేస్తున్నాడట.

"నేనూ నడుస్తా. అసలు బండే అమ్మేస్తా," అంది డాక్టరమ్మ.

బావకు ఆవేశం వచ్చేసింది. "టైర్లే లేకపోతే బండ్లెక్కడివి? రేపట్నుంచి నా కొట్టే మూసేస్తున్నా."

అక్క నెమ్మదిగా లేచి నిలబడింది.

"మంచిదండీ. రేపట్నుంచి నేనూ పొయ్యి వెలిగించను. పొగ తగ్గుతుంది."

జనం పడీపడీ నవ్వారు. "మూసేయడమంటే... ఆదివారాలు," అన్నాడు బావ. ఆ మాట ముందు వరుసకే సరిగా వినపడలేదు.

"ఆదివారం ఎలాగూ మూసే ఉంటుంది కదండీ," అంది అక్క.

సభ అయ్యాక డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు గానీ, జనం చుట్టూ నిలబడి చూస్తుంటే కౌన్సిలర్‌కు ఎక్కే ధైర్యం చాలలేదు. ముగ్గురూ నడిచారు. ఊరంతా వెనక నడిచింది. మార్కెట్ వీధిలో మురుగు కాలువ పొంగి రోడ్డు మీదికొచ్చింది. కౌన్సిలర్ ప్యాంటు పైకి పట్టుకుని, బండరాయి అనుకుని ఒకదాని మీద కాలేశాడు. అది ఎవరో పారేసిన పరుపు ముక్క. మోకాలి దాకా దిగిపోయాడు. బావ, డాక్టరమ్మ చెరో రెక్క పట్టి లాగితే ఆయన వచ్చాడు, బూటు రాలేదు.

"ఈ కాలువ ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అన్నాడు రొప్పుతూ.

"మీరు రెండోసారి గెలిచినప్పట్నుంచండీ," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ దర్జీ.

మూడోరోజుకి కాలువ బాగుపడింది. అయినా ఎన్నికల్లో డాక్టరమ్మే గెలిచింది. బావకు డిపాజిట్ కూడా దక్కలేదు.

ఓదారుద్దామని ఎలక్ట్రీషియన్ కొట్టుకి వెళ్లాడు. అక్క కొత్తగా తెప్పించిన సైకిల్ ట్యూబులు అరల్లో సర్దుతోంది. బావ అందిస్తున్నాడు.

"బాధగా ఉందా బావా?"

"లేదురా. నా బదులు మీ అక్క నిలబడి ఉంటే గెలిచేది. అదొక్కటే అనిపిస్తోంది."

అక్క వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది. "నేను నిలబడితే కొట్టెవరు చూస్తారు? ఆ చిన్న సైజువి ఇలా ఇవ్వండి."