కిలుం కింద పేరు

నేను ఒక ఇత్తడి చెంబుని. కదలడం రాదు, అలాగని స్థిమితమూ లేదు. రేకుని కొట్టి కొట్టి నన్ను చేశారు. ఆ దెబ్బల అదురు లోపలెక్కడో ఇంకా ఆగలేదనిపిస్తుంది.

నన్ను కొన్నావిడ కొట్లోనే నా మెడ కింద సన్న ఉలితో చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించింది. మనుషులకిదో అలవాటు. ముందు పోయేది తామేనని తెలిసీ, మిగిలిపోయేదాని మీద పేరు వేయిస్తారు. ఆవిడ పోయాక పూజ గదిలోంచి స్నానాలగదికి, అక్కణ్ణించి దొడ్లోకి దిగాను. ప్లాస్టిక్ మగ్గు వచ్చాక కాలవగట్టుకి. అక్కడ పచ్చగా కిలుం పట్టి నా పేరు నేనే మరిచిపోయాను.

పరాంకుశం నన్ను అక్కడే ఏరుకున్నాడు. బందరులో డ్రాయింగు మేష్టారుగా చేసి మానేసిన మనిషి. తెగిన చెప్పు, మూత లేని సీసా, దారిలో ఏం దొరికితే అది బల్ల మీద పేర్చి బొమ్మ వేస్తాడు. ఇంట్లో గిన్నెలు మాత్రం ముట్టుకోడు. అవి అటక మీద మూటలో ఉన్నాయి. ప్రతిదాని మీదా ‘విమల’ అని ఉంటుంది. విమల అతని భార్య, పోయి రెండేళ్లు. అప్పట్నుంచీ ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. నన్ను వేలెడు అటు జరుపుతాడు, ఇటు జరుపుతాడు, వేసిన రంగు గీకేస్తాడు. ఎవరివీ కాని వస్తువులైతే ఎవరూ గుర్తు రారని అతని ఆశ.

చూసిపోదామని వచ్చిన అక్క ఆండాళు, అతను బజారుకెళ్లిన గంటలో నన్ను చింతపండు పెట్టి తోమేసింది.

“నెల రోజులుగా ఆ పచ్చరంగే కలుపుతున్నానక్కా,” అన్నాడతను గుమ్మంలోనే నిలబడిపోయి.

“రంగేమిట్రా, అది కిలుం. కడుపులోకి పోతే చస్తారు.”

“అందులో ఎవరూ తాగరు.”

“తాగని చెంబూ, తొడగని చెప్పూ. ఇల్లనుకున్నావా, చెత్తకుండీ అనుకున్నావా?” నన్ను వెలుతురుకి తిప్పింది. “ఇదిగో, పేరు కూడా ఉంది. గంటా కోటమ్మ. ఎవరో మహాతల్లి. ఊళ్లోవాళ్ల చెంబులకి చోటుంది గానీ, మన విమల గిన్నెలకి లేదు.”

అనేశాక నాలిక కరుచుకుంది.

అతను బొటనవేలితో నా చుక్కలు తడిమాడు. మరిచిన పేరు తిరిగి రావడం నాకు సుఖంగా లేదు. నా పేరుని గోడవైపు తిప్పి పెట్టాడు. కూర్చున్నాడు, లేచాడు, తనవైపు తిప్పాడు. మళ్లీ గోడవైపు. సాయంత్రం దాకా అదే పని.

“అక్కా, కాస్త నిచ్చెన పట్టుకో.”

అటక మీంచి ఒక స్టీలు గ్లాసుతో దిగాడు. దాన్ని నా పక్కన పెట్టాడు. రెండు పేర్లూ తనకి ఎదురుగానే ఉంచాడు.

నాలుగు రోజులు వేశాడు. బొమ్మ ముఖం అటువైపు కనుక నేనెలా వచ్చానో నాకు తెలియదు. అయిదో రోజు పొద్దున బ్రష్షులు కడిగి, ఆ గ్లాసుతోనే నీళ్లు ముంచుకుని తాగాడు. తిరిగి బల్ల మీద పెట్టాడు. ఉన్నచోట కాదు, వేలెడు ఇవతలికి.

ఇప్పుడు దాన్ని మళ్లీ పాత చోటికి జరుపుతాడని కాచుకుని ఉన్నాను. జరపలేదు.