లోతు తగ్గిన గరిటె

నేను ఒక ఇనుప గరిటెను. సీమలో బ్రహ్మయ్యాచారి అనే కమ్మరి నన్ను పెళ్లి పందిళ్లలో పప్పుచారు వడ్డించడానికి మంచి లోతుగా చేశాడు. ఒక్కసారి వంచితే విస్తట్లో అన్నం మునిగేది. ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

వానలు పడని ఆ ఏడాది పెళ్లిళ్లు ఆగిపోయాయి. నన్ను కరువు జనం కోసం సర్కారు పెట్టిన గంజి కొట్టానికి తెచ్చారు. గంజి కాచి పోసేది నాగులమ్మ, అజమాయిషీ వెంకోబరావుగారిది. ఆయన్ను చెడ్డవాడని అనలేను, బక్క ఎద్దును చూసినా కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కాకపోతే దొరల అర్థశాస్త్రం చదువుకున్నాడు. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే లోకం దానంతటదే చక్కబడుతుందనీ, ఉచితంగా కడుపు నిండితే ఎవడూ సర్కారు రోడ్డు పనిలో రాళ్లు కొట్టడానికి పోడనీ ఆ పుస్తకాల సారమని నమ్మాడు. తోటివాడి బాధ మనకెందుకు బాధవుతుందో కూడా ఆ దొరల్లోనే ఒక పెద్దాయన ఓపిగ్గా రాశాడట. ఆ పుస్తకం ఈయన దాకా రాలేదు.

"గరిటె లోతు ఎక్కువుంది, కొట్టించి సాపు చేయించల్ల," అన్నాడు ఒక ఉదయం.

"సామీ, రాళ్లు కొట్టల్లంటే ఒంట్లో సత్తువ ఉండొద్దా?" అంది నాగులమ్మ.

"కడుపు నిండినాక రాళ్లు కొట్టేకి ఎవరొస్తారమ్మా?"

కబురు పంపితే బ్రహ్మయ్యాచారే వచ్చాడు. సేద్యం లేక నాగళ్లు మూలపడ్డాయి, అతని కొలిమి ఆరిపోయి చాలా కాలమైంది. కూలి దోసెడు జొన్నలన్నారు. నన్ను చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాడు. "బిడ్డ పస్తు ఉంది సామీ, చేస్తా," అన్నాడు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి శాస్త్రం ప్రకారం ఇందులో అన్యాయమేమీ లేదు. వెంకోబరావుగారు తృప్తిగా తలూపాడు. నన్ను బోర్లించి సుత్తితో కొడుతుంటే నాకు నొప్పికన్నా సిగ్గే ఎక్కువనిపించింది.

ఆ జొన్నలు ఎన్నాళ్లొస్తాయి? వారం తిరక్కుండానే ఆచారి కూతురి చేయి పట్టుకుని గంజి వరుసలో నిలబడ్డాడు. పిల్ల ముంత చాచింది. నాగులమ్మ నన్ను నిండా ముంచి, చుక్క జారకుండా పోసింది. ముంత అడుగు తడిసింది, అంతే.

"ఇంకొంచెం పోయమను నాయనా," అంది పిల్ల.

ఆచారి నా వంకే చూస్తూ ఉండిపోయాడు. కొన్నాళ్లకు అతనొక్కడే రావడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మ్యూజియంలో గోడకు వేలాడుతున్నాను. కరువులో ఎందరి ప్రాణాలో నిలబెట్టిన గరిటె అని నా కింద రాశారు. మొన్న ఒక పెద్దావిడ అది చదివి, కళ్లు ఒత్తుకుని నాకు దండం పెట్టింది. వద్దు తల్లీ అందామంటే నాకు నోరు లేదు. పక్కకు తిరుగుదామంటే మేకు వదల్లేదు.